బండి ఎంతిస్తోంది?

మా హాస్టల్లో పెట్రోలు రేటు మీద మాటొచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు ఈ జోక్ వేస్తాడు: "పెట్రోలు పెరిగితే నాకేంట్రా, నేనెప్పుడూ వంద రూపాయలకే కొట్టిస్తా!" పాత జోకే, అయినా నవ్వుతాం. కానీ ఆ వందని కిలోమీటర్లలోకి మార్చి చూడండి. 2020 మార్చిలో మా వైపు లీటరు 75 రూపాయల దగ్గర ఉండేది. మా నాన్న బండి లీటరుకి 54 ఇస్తుంది కాబట్టి వంద రూపాయలకి 72 కిలోమీటర్లు వెళ్లేవాడు. లీటరు 109 అయ్యాక అదే వందకి 49. నోటు అదే, మధ్యలో 23 కిలోమీటర్లు ఎగిరిపోయాయి. సరదాకి తిరిగేవాళ్లు ఆ 23 తిరగడం మానేస్తారు. పని మీద తిరిగేవాళ్లకి ఆ వీలు లేదు.

నాన్నది పని మీద తిరిగే బతుకు. తెనాలిలో చిన్న మోటారు వైండింగ్ షాపు. ఐటీఐ చేశాడు. షాపులో కూర్చునేది సగం రోజే. మిగతా సగం దుగ్గిరాల వైపు, కొల్లిపర వైపు, కొల్లూరు వైపు పొలాల్లోనే. పసుపు, అరటి తోటల్లో మోటారు ఆగిపోతే ఫోన్ వస్తుంది. వెనక సీటుకి టూల్స్ సంచి కట్టుకుని బయల్దేరతాడు. రోజుకి యాభై, నెలకి 1500 కిలోమీటర్లు. లీటరు మీద 34 రూపాయలు పెరిగితే ఆయనకి నెలకి దాదాపు 950 రూపాయలు అదనం. నా మెస్ బిల్లు కట్టేది కూడా ఆ జేబులోంచే.

బండి 2014 మోడల్ స్ప్లెండర్, కార్బురేటర్‌ది. ఓడోమీటర్ ఒకసారి 99,999 దాటి మళ్లీ సున్నా నుంచి మొదలైంది. కొన్న రోజు నుంచీ నాన్న ఒక డైరీ రాస్తున్నాడు. పేజీకి నాలుగు గడులు: తారీఖు, రీడింగు, లీటర్లు, రూపాయలు. నేను పుట్టినప్పట్నుంచీ ఇంగ్లిష్ మీడియం కాబట్టి దీన్ని ఫ్యూయల్ ఎఫిషియెన్సీ అంటాను. నాన్న మాత్రం "బండి ఎంతిస్తోంది" అంటాడు. ఇవ్వడం అనే మాటలోనే నాకు నచ్చిన విషయం ఉంది. బండి ఒక మనిషిలాగా, దాని శక్తి కొద్దీ ఇస్తుంది. మనం ఎలా చూసుకుంటే అలా.

మొన్న సెమిస్టర్ సెలవుల్లో ఆ డైరీలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాను. పదకొండేళ్ల డేటా. మా క్లాసులో ఇచ్చే డేటాసెట్ల కంటే ఇదే శుభ్రంగా ఉంది. రేట్ల గడి చూస్తుంటే దేశం కథ కనబడింది. 2017 జూన్ 16 నుంచి రేటు రోజూ మారడం మొదలైంది, అక్కణ్ణుంచి పైసలు కూడా రాసి ఉన్నాయి. 2021లో వంద దాటింది. 2022 ఏప్రిల్‌లో 120 కూడా దాటింది. మే నెలలో కేంద్రం ఎక్సైజ్ సుంకం లీటరుకి 8 రూపాయలు తగ్గించాక కాస్త దిగింది. 2024 మార్చిలో ఇంకో రెండు. అంతే, 75కి మాత్రం మళ్లీ రాలేదు. మన రాష్ట్రంలో వ్యాట్ 31 శాతం, దానిమీద లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. శాతం లెక్కలో పన్ను ఉంటే అసలు ధర పది రూపాయలు పెరిగినప్పుడు పన్ను కూడా మూడు రూపాయలు పెరుగుతుంది. ఇవేవీ నాన్న చేతిలో లేవు.

ఆయన చేతిలో ఉన్నవి వేరే. ఎయిర్ ఫిల్టర్ దులపడం, చైన్ మరీ బిగుతుగా, మరీ లూజుగా లేకుండా చూడటం, ప్రతి సోమవారం గాలి కొట్టించడం. గాలి తగ్గితే టైరు రోడ్డుకి అతుక్కుని బండిని వెనక్కి లాగుతుంది. స్పీడు సంగతి నేనే టెస్ట్ చేశాను. ఒకే బండి, ఒకే రోడ్డు, సంచి లేకుండా, ట్యాంక్ ఫుల్ చేసి 200 కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఫుల్ చేస్తే ఎంత పట్టిందో చూడటం. 45-50 స్పీడులో 64 ఇచ్చింది. 65-70లో 53. గాలి ఎదురు తోసే బలం స్పీడుకి వర్గంలో పెరుగుతుందని ఫిజిక్స్‌లో చదువుకున్నదే. పుస్తకంలో అది ఫార్ములా, ఇక్కడ లీటరుకి 11 కిలోమీటర్లు.

ఈ మధ్య "బండి ముందంత ఇవ్వట్లేదు" అంటున్నాడు నాన్న. డైరీ కూడా అదే చెప్పింది, మొదట్లో 60 దాకా ఇచ్చేది. బండి వయసు ఒక కారణం. ఇంకోటి, ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. అంటే కలిపిన లీటర్లో ఆరేడు శాతం శక్తి తక్కువ.

ఇంతవరకూ నాన్నకి తెలిసిన సంగతులే. తెలియంది తర్వాత వచ్చింది. డైరీలో పెట్రోలు ఒక్కటే ఉంది, బండి తినే మిగతావి లేవు. షాపులో పాత బిల్లులు వెతికి కిలోమీటరుకి పంచాను. పెట్రోలు 2 రూపాయల 2 పైసలు. ఇంజిన్ ఆయిల్ 13 పైసలు. టైర్లు 14. చైన్ సెట్టు 7. బ్రేకులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, పంక్చర్లు అన్నీ కలిపి 20. ఇన్సూరెన్స్ 4. బండి కొన్న డబ్బు, ఒకసారి చేయించిన బోరింగు దాని జీవితమంతా పరిస్తే 40. మొత్తం కిలోమీటరుకి సరిగ్గా మూడు రూపాయలు.

నాన్న ఏ ఊరెళ్లినా రానుపోను ఖర్చు కింద తీసుకునేది 50 రూపాయలు. నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు పెట్టిన రేటు. పక్క ఊరికి రానుపోను ఎనిమిది కిలోమీటర్లు, ఖర్చు 24. కొల్లూరు రానుపోను 40, ఖర్చు 120. అంటే అటు వెళ్లిన ప్రతిసారీ నాన్న జేబులోంచి 70 రూపాయలు పోతున్నాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ లెక్క చెప్పాను. అమ్మ వెంటనే అందుకుంది. "ఏవండీ, మనం ఎదురు డబ్బులిచ్చి వాళ్ల మోటార్లు బాగుచేస్తున్నామా?"

"దూరమని నూట ఇరవై అడిగితే ఇంకొకణ్ణి చూసుకుంటారే," అన్నాడు నాన్న.

నేను నా కంప్యూటర్ సైన్స్ తీశాను. ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లం గురించి చెప్పి, కొల్లూరు వైపు ఫోన్లన్నీ కలిపి మంగళవారం, శనివారం మాత్రమే వెళ్లమన్నాను. ఒక్క ట్రిప్పులో నాలుగు ఇళ్లు చూస్తే ఖర్చు నాలుగు ముక్కలవుతుంది కదా. నాన్న అన్నం కలుపుతూ విన్నాడు. తర్వాత, "ఒరేయ్, నీ సేల్స్‌మన్ అమ్ముకునేవాడు. వాడు ఎప్పుడెళ్లినా పర్లేదు. తోట ఎండుతుంటే మంగళవారం దాకా ఆగమంటామా?" అన్నాడు.

దానికి నా దగ్గర కోడ్ లేదు. రెండు రోజులు ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తలేదు.

మూడో రోజు నాన్నే అడిగాడు, "అసలు పోయిన నెల కొల్లూరు వైపు ఎందుకెళ్లానో రాయగలవా?" ఆయన గుర్తు చేసుకుని చెబుతుంటే నేను రాశాను. పదకొండు ట్రిప్పులు. అందులో ఐదింటికి మోటారు పాడవలేదు. రెండుసార్లు ఒక ఫేజు పోయింది. త్రీ ఫేజుల్లో ఒకటి లేకపోతే మోటారు గుర్రుమంటుంది గానీ తిరగదు. రెండుసార్లు స్టార్టర్‌లో రిలే ట్రిప్పయింది, బటన్ నొక్కితే సరిపోయేది. ఒకసారి ఫ్యూజు. ఐదు ట్రిప్పులు, 200 కిలోమీటర్లు, మూడు లీటర్లు దాటిన పెట్రోలు, మోటారు దగ్గరికెళ్లి చూస్తే గానీ తెలియని ఒక్క మాట కోసం.

ఇప్పుడు ఫోన్ రాగానే నాన్న ముందు వాట్సాప్ వీడియో కాల్ చేయమంటున్నాడు. "అన్నా, స్టార్టర్ మీద లైట్లు మూడూ వెలుగుతున్నాయా చూపించు. దేన్నీ ముట్టుకోకు, దూరం నుంచే చూపించు." ఫేజు పోతే కరెంటోళ్లకి ఫోన్ చేయమంటాడు. రిలే అయితే ఏ బటనో చెప్తాడు. తప్పదనుకుంటేనే బండి తీస్తాడు, అప్పుడు వారం చూడడు. రేటు కూడా మార్చాడు. పది కిలోమీటర్ల లోపు ఊరికి పాత 50, ఆపైన 100. నా లెక్క ప్రకారం కొల్లూరుకి వందైనా చాలదు. "ఆ ఇరవై నా పరువు ఖరీదు, రాసుకో," అన్నాడు.

మొదటి నెల 1500 బదులు 1260 కిలోమీటర్లు తిరిగాడు. పెట్రోల్లోనే 480 మిగిలింది. మైలేజీ మాత్రం పెరగలేదు, అదే 54. మనందరం లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అనే చూస్తాం, అసలు ఆ కిలోమీటరు అక్కర్లేదేమో అని చూడం. మీ ఇంట్లో కూడా పని మీద తిరిగే బండి ఉంటే ఒక నెల రాసి చూడండి, ఎంత వెళ్లారో కాదు, ఎందుకు వెళ్లారో.

నాన్న డైరీలో ఇప్పుడు ఐదో గడి ఉంది. స్కేలు పెట్టి తనే గీసుకున్నాడు. దానిపైన "వెళ్లనివి" అని రాశాడు. నిన్న రాత్రి ఫోన్ చేసినప్పుడు నా పరీక్షల సంగతి అడగకముందే ఆ గడి చదివి వినిపించాడు: "కొల్లూరు. రిలే. నలభై."