లాగి చూస్తేనే నమ్మకం!

ఊరెళ్లే రోజు. ఆటో గుమ్మం ముందుకొచ్చి ఆగింది. పిల్లలు ఎక్కేశారు, సంచులూ ఎక్కేశాయి. ఇంటాయన తలుపు దగ్గరికేసి, గొళ్లెం పెట్టి, తాళం వేశాడు. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చాడు. తాళంకప్పను పట్టుకుని గట్టిగా కిందికి లాగాడు. 'ఇందాకే లాగారు కదండీ' అంది ఇల్లాలు. బస్సు ఊరు దాటాక ఆవిడే అడిగింది... 'ఏవండీ, తాళం సరిగ్గా పడిందంటారా?'

దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగే ముచ్చటే. నవ్వొచ్చినా, ఆ లాగడంలో ఓ పెద్ద ప్రశ్న ఉంది. అరచేతిలో పట్టే ఇనపముద్దకు ఇల్లంతా అప్పజెప్పి వెళ్తున్నారు. దాన్ని నమ్మొచ్చా? నమ్మాలంటే ఎవరి మాట మీద? చేసినవాడి మాటా? అమ్మినవాడి మాటా? తాళాల చరిత్ర తిరగేస్తే మూడో జవాబొకటి దొరుకుతుంది. దాన్ని తెరవాలని కూర్చుని, చెమటలు కక్కినవాడి మాట!

కిటికీలో సవాలు

లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే ఇంజినీరు 1784లో ఓ కొత్తరకం తాళానికి పేటెంట్ తీసుకున్నాడు. కొన్నేళ్ల తరవాత పికడిల్లీ వీధిలోని తన దుకాణం కిటికీలో ఓ తాళంకప్పను పెట్టి, దాని మీద సవాలు రాయించాడు. చెవి లేకుండా దీన్ని తెరిచే పనిముట్టు చేసినవారికి 200 గినీల బహుమతి అని. ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేం కాదు. ఏళ్లు గడిచాయి. 1814లో బ్రామా కన్నుమూశాడు. తాళం మాత్రం తెరుచుకోలేదు.

1851లో లండన్‌లో ప్రపంచ దేశాల వస్తువులతో మహా ప్రదర్శన జరిగింది. దానికి అమెరికా నుంచి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ వచ్చాడు. ఆయనా తాళాల వ్యాపారే. ఇంగ్లండ్‌లో గొప్ప పేరున్న చబ్ తాళాన్ని ముందుగా పాతిక నిమిషాల్లో తెరిచేశాడు. తరవాత బ్రామా తాళం ముందు కూర్చున్నాడు. 16 రోజుల్లో, అన్నీ కలిపి 51 గంటల శ్రమ. చివరికి అదీ తెరుచుకుంది.

పత్రికల్లో ఒకటే రభస. 'ఇలా బాహాటంగా తెరిచి చూపిస్తే దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదా?' అని కొందరు మండిపడ్డారు. 'లోపాన్ని దాచిపెడితే నష్టపోయేది డబ్బిచ్చి కొనుక్కున్నవాడే కదా' అన్నది రెండో వర్గం వాదన. వాదన సంగతెలా ఉన్నా, ఆ తరవాత తాళాలు చేసేవాళ్లు కళ్లు తెరిచారు. ఇంకో మాట. 51 గంటలు కదలకుండా కూర్చునే దొంగ ఎవడుంటాడు? ఆ లెక్కన బ్రామా తాళం ఓడినట్టా, గెలిచినట్టా?

బిళ్లల మాయ

ఈ పోటీలో అసలైన మలుపు ఫిన్లాండ్‌లో వచ్చింది. హెల్సింకిలో ఎమిల్ హెన్రిక్సన్ అనే మెకానిక్ ఉండేవాడు. దుకాణాల్లో డబ్బు లెక్కగట్టే క్యాష్ రిజిస్టర్లు బాగుచేయడం ఆయన పనుల్లో ఒకటి. వాటి లోపల గుండ్రంగా తిరిగే బిళ్లలు చూసి 1907లో ఆయనకో ఆలోచన తట్టింది. ఈ బిళ్లలతోనే తాళం చేస్తే? అలా పుట్టిందే 'అబ్లాయ్' తాళం. ఫిన్నిష్‌లో తాళాన్ని 'లుక్కో' అంటారు. 'అబ్ లుక్కో ఓయ్' అనే కంపెనీ పేరును కుదిస్తే అబ్లాయ్ అయింది.

మామూలు తాళాల్లో చాలావాటిలో చిన్న స్ప్రింగులుంటాయి. చెవి దూరగానే అవి నొక్కుకుని దారి ఇస్తాయి. తాళం మీద లెక్కగా తట్టి, ఆ స్ప్రింగులు ఎగిరిపడిన క్షణంలో తెరిచే కిటుకులు కొందరికి తెలుసు. హెన్రిక్సన్ తాళంలో ఆ ఆటలు సాగవు. ఎందుకంటే ఎగిరిపడటానికి అందులో స్ప్రింగులే లేవు. రూపాయి బిళ్లల్లా వరుసగా పేర్చిన రేకులుంటాయంతే. ఒక్కో బిళ్ల అంచుకు ఒక్కోచోట గంటు. చెవి తిప్పితే ఒక బిళ్ల కొంచెం, ఇంకోటి కాస్త ఎక్కువ, మరోటి సగం దాకా తిరుగుతాయి. అన్ని గంట్లూ ఒకే వరసలోకి వచ్చినప్పుడే, పక్కనున్న సన్నని ఊచ ఆ గాడిలోకి జారుతుంది. తాళం తెరుచుకుంటుంది. ఒక్క గంటు పక్కకున్నా ఊచ కదలదు.

ఒక్కో బిళ్లకు ఆరు రకాల గంట్లు పెట్టొచ్చనుకుంటే, తొమ్మిది బిళ్లలతోనే కోటికి పైగా వేర్వేరు తాళాలు చేయొచ్చు. మరి కోటిసార్లు ప్రయత్నించి ఎవరు తెరుస్తారు? అక్కడే ఉంది చిక్కు. తెరవాలనుకునేవాడు కోటిసార్లు ప్రయత్నించడు!

ఎంత మంచి యంత్రం మీద చేసినా బిళ్లల్లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. తాళాన్ని కొంచెం బిగబట్టి తిప్పితే అన్నీ ఒకేసారి బిగుసుకోవు. ఏదో ఒకటి ముందు బిగుసుకుంటుంది. దాన్ని కనిపెట్టి, సన్నని పనిముట్టుతో గంటు దొరికేదాకా కదిపితే ఒక పని అయినట్టే. తరవాత రెండోది, మూడోది. కోటి దారుల చిక్కుముడి కాస్తా తొమ్మిది ముడులుగా మారిపోతుంది.

తయారీదారులు ఊరుకుంటారా? బిళ్లలకు దొంగ గంట్లు పెట్టారు. లోతు తక్కువ గంట్లన్నమాట. వేలికి అసలుదానిలాగే తగులుతుంది. దొరికిందనుకుని ముందుకెళ్తే మొత్తం అడ్డం తిరుగుతుంది. 2001లో అబ్లాయ్ వాళ్లే తెచ్చిన 'ప్రొటెక్' రకంలో ఇంకో ఏర్పాటు చేశారు. లోపలి భాగం తిరగడం మొదలయ్యాక బిళ్లల్ని విడివిడిగా కదపడానికి వీల్లేదు. బిగబట్టి వెతకడమన్న మూలసూత్రానికే అడ్డుకట్ట వేశారు.

తెరిచేవాళ్లే మేలు చేశారు

తాళాలు తెరవడాన్ని చదరంగంలా సరదాగా ఆడేవాళ్లున్నారు. జర్మనీలో 1997లోనే దీనికో సంఘం పెట్టుకున్నారు. తమది కాని తాళాన్ని ముట్టుకోకూడదన్నది ఇలాంటివాళ్లు గట్టిగా పాటించే నియమం. బిళ్లల తాళాల్లోనూ కొన్నింటిని ఇలాంటి ఔత్సాహికులు ప్రత్యేకంగా పనిముట్లు చేసుకుని, ఎంతో ఓపికతో తెరిచి చూపించారు.

దానివల్ల లాభమేంటి అంటారా? 2004లో అమెరికాలో జరిగింది చూడండి. క్రిప్టోనైట్ అనే కంపెనీ సైకిల్ తాళాలకు అక్కడ మంచి పేరు. వాటిలో గొట్టంలాంటి చెవితో తెరిచే రకాన్ని మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తీసేయొచ్చని ఓ సైకిల్ ప్రియుడు బయటపెట్టాడు. ఖరీదైన తాళం, కాసింత ప్లాస్టిక్ ముక్క! కంపెనీ పాతవాటికి బదులు కొత్తవి ఇవ్వాల్సివచ్చింది. ఆ కొత్తవాటిలో పెట్టింది బిళ్లల తాళాన్నే.

అయితే, ఎంత గొప్ప తాళమైనా ఎప్పటికీ తెరుచుకోనిదంటూ ఉండదు. మంచి తాళం అమ్మేది కాలాన్ని. దొంగకు నిమిషాలు పట్టేచోట గంటలు పట్టేలా చేస్తుంది. అసలు మామూలు దొంగ ఇంత నాజూకు విద్య జోలికి పోనే పోడు. గునపంతో గొళ్లెం పీకేస్తాడు, కట్టర్‌తో కొక్కెం కోసేస్తాడు. అందుకే యూరప్‌లో తాళంకప్పలను కోసి, లాగి, మెలితిప్పి, డ్రిల్లింగ్ చేసి చూసి 1 నుంచి 6 దాకా గ్రేడ్లు ఇస్తారు. వేలు పోసి ఆరో గ్రేడ్ తాళం కొన్నా, దాన్ని తగిలించేది తుప్పుపట్టిన గొళ్లేనికైతే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే. రెండో తాళంచెవిని తులసికోట వెనక దాచి, ఆ సంగతి పనిమనిషి మొదలు పాలబ్బాయి దాకా అందరికీ తెలిస్తే... బిళ్లలు తొమ్మిదున్నా తొంభై ఉన్నా ఒకటే.

అందుకని ఆ ఇంటాయన లాగి చూడటం తప్పేం కాదు. బ్రామా తాళం ముందు పదహారు రోజులు కూర్చున్న హాబ్స్ చేసిందీ ఒకరకంగా అదే పని. కాకపోతే ఈసారి ఊరెళ్లేముందు తాళంతో పాటు గొళ్లేన్నీ ఓసారి లాగి చూడాలి. మేకులు కదులుతుంటే అప్పుడే వడ్రంగిని పిలిపించాలి. తులసికోట వెనకున్న చెవిని తీసి పక్కింటి పిన్నిగారి చేతిలో పెట్టి, 'రాత్రిపూట ఓసారి మా గుమ్మంకేసి చూస్తుండండీ' అని చెప్పాలి.

అప్పుడు బస్సులో ఇల్లాలు అడిగినా, ఆయన దగ్గర జవాబుంటుంది.