కాడుగోడిలో అడ్డసరం చెట్టు

మొన్న శ్రావణమాసంలో మా చిన్నమ్మాయికి దగ్గు పట్టుకుంది. తను గార్మెంట్స్‌లో కుట్టు మిషన్ మీద పని చేస్తుంది. పదిహేను దినాలైనా తగ్గలేదు. మిల్లులో బతికిన మన ఇళ్ళల్లో దగ్గంటే ముందు గుర్తొచ్చేది అడ్డసరం ఆకు. మా శ్రీరాంపురం సందుల్లో ఆ చెట్టు యాడుంటుంది? కాడుగోడిలో మా అక్క ఇంటి వెనకాల ఉంది. ఆదివారం పొద్దున్నే చేతిసంచి ఒకటి తీసుకుని బయలుదేరినాను.

ఇప్పుడు ప్రయాణం సులభం. శ్రీరాంపురంలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి పర్పుల్ లైను మారితే కడాకు అదే చేరుస్తుంది. చివరి స్టేషను పేరు వైట్‌ఫీల్డ్ కాడుగోడి. 2023 మార్చిలో కె.ఆర్.పురం నుంచి ఇక్కడిదాకా రైలు వదిలినారు, అక్టోబరులో మధ్యలో మిగిలిన ముక్క కూడా కలిపినారు. మా కాలంలో అయితే సిటీ స్టేషన్లో బంగారపేట ప్యాసింజరు ఎక్కి వైట్‌ఫీల్డ్ స్టేషన్లో దిగేవాళ్ళం. వైట్‌ఫీల్డ్ అనే పేరు 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్లకు ఇచ్చిన భూమిలో వెలసిన ఊరిది. రైలు స్టేషను ఉండేది మాత్రం కాడుగోడిలో. పేరు వాళ్ళది, నేల వీళ్ళది.

కిటికీలోంచి చూస్తే ఐటీపీఎల్ దగ్గర అంతా అద్దాల మేడలు. నేను మొదటిసారి అక్కను చూడను వచ్చినప్పుడు ఈ పక్కంతా రాగి చేలు. కన్నడంలో కాడు అంటే అడవి. ఆ మాటకు గుర్తుగా కాడుగోడి ట్రీ పార్క్ అని ఒక స్టేషను కూడా ఉంది. ఇక్కడి ప్లాంటేషన్‌ను 1896లోనే రిజర్వు అడవి కింద ప్రకటించినారు. అందులో 120 ఎకరాలు 2025 జూన్‌లో అటవీశాఖ వాళ్ళు తిరిగి స్వాధీనం చేసుకున్నారు. వేల కోట్ల భూమి అని పేపర్లో రాసినారు. నాకు కావలసింది గుప్పెడు ఆకు.

స్టేషన్ దిగి నడిస్తే చెవులకు హాయిగా ఉంటుంది. పూలమ్మేవాళ్ళు, ఆటోవాళ్ళు, సగం మంది తెలుగే. సాయిబాబా బృందావనం ఆశ్రమం ఇక్కడే ఉండబట్టి అనంతపురం పక్క మాట ఎప్పుడూ వినబడతా ఉంటుంది. అక్క ఇంటికి ఇప్పుడు మూడు పక్కలా బిల్డింగులు లేచినాయి. వెనక పక్క మాత్రం ఆ కంచె అట్లనే ఉంది.

చూడనివాళ్ళ కోసం చెప్తాను. అడ్డసరం మనిషెత్తు పెరిగే గుబురు చెట్టు. ఆకు మామిడాకు మాదిరి కొనదేలి, దానికంటే మెత్తగా ఉంటుంది. కొమ్మకు ఎదురెదురుగా జతలు జతలుగా వస్తాయి. పువ్వు తెల్లగా, నోరు తెరిచినట్టుగా, లోపల ఊదా గీతలతో ఉంటుంది. సంస్కృతంలో వాస అంటారు, వాసారిష్టం, వాసావలేహం అని అంగట్లో అమ్మేవి దీంతో చేసినవే. కన్నడంవాళ్ళు ఆడుసోగె అంటారు. అరవంవాళ్ళు ఆడాతొడై అంటారు, అంటే మేక ముట్టనిది అని. ఆకు నలిపితే వాసన బాగుండదు, నోట్లో వేస్తే కటిక చేదు. అందుకే కంచెకు వేస్తారు, మేకల బాధ ఉండదు. ఇంకో సంగతి, ఈ ఆకు ఉడకబెడితే పసుపు రంగు దిగుతుంది. మా అక్క కషాయం వడగట్టే గుడ్డ ఎన్ని ఉతుకులు ఉతికినా తెల్లబడదు. రంగుల డిపార్టుమెంటులో కొన్నాళ్ళు చేసినవాణ్ణి కదా, నాకు ఇట్లాంటివి కంటబడతాయి.

ఈ చెట్టు అక్క నాటింది మా బావ కోసం. బావా నేనూ ఒకే మిల్లు. ఆయన కార్డింగులో, నేను స్పిన్నింగులో. పత్తి దుమ్ము ఎక్కువ ఉండేది బ్లోరూములో, కార్డింగులోనే. బావ రోజూ కాడుగోడి నుంచి రైల్లో వచ్చి పోయేవాడు. సాయంత్రం రైలెక్కితే తలమీద, కనుబొమలమీద దూది పీచు అంటుకుని ఉండేది. “ముసలాయన వచ్చినాడు, జరగండి” అని సీటు ఇచ్చి నవ్వేవాళ్ళు. అప్పుడు ఆయనకు ముప్పై ఆరేళ్ళు.

బావకు సోమవారం వచ్చిందంటే రొమ్ము బిగబట్టేది. మంగళవారానికి కాస్త తేలిక. శనివారానికి ఏమీ ఉండేది కాదు. ఆదివారం ఇంట్లో పడుకుని ఒళ్ళు బద్ధకం పడుతుంది, అందుకే సోమవారం అట్లా అవుతుంది అనుకునేవాడు. మేమూ అదే అనుకున్నాం. మిల్లులో బెల్లం ముక్క ఇచ్చేవాళ్ళు, అది నమిలేది. ఇంటికొస్తే అక్క కషాయం. తాగితే కఫం కరిగి బయటికొచ్చేది, ఊపిరి ఆడేది, మళ్ళీ షిఫ్టుకు పోయేవాడు. పైగా బీడీ.

ఒక రోజు గేటు దగ్గర, “సెలవు పెట్టి ఈఎస్ఐకి పోయొద్దామా?” అని నన్ను అడిగినాడు. ఆ నెల హాజరు బోనసు ఉంది. “ఆకు తాగు బావా, సర్దుకుంటుంది” అన్నాను నేను. ఆ మాట నాదే. ఇంకో ఏడెనిమిదేళ్ళకు మెట్లు ఎక్కలేని స్థితిలో డాక్టరుకు చూపిస్తే, ఇది బిస్సినోసిస్, పత్తి దుమ్ము జబ్బు అన్నాడు. సెలవు తరవాతి రోజు రొమ్ము పట్టేయడమే దాని మొదటి గుర్తట. అప్పుడే దుమ్ములోంచి తప్పుకుని ఉంటే చాలామటుకు కుదుటపడేది, ముదిరినాక వెనక్కు తిప్పలేం అన్నాడు. ఈఎస్ఐ చట్టంలో పని వల్ల వచ్చే జబ్బుల పట్టీ ఉంది, అందులో ఈ పత్తి దుమ్ము జబ్బు కూడా ఉంది. అది మాకు తెలిసేసరికి మిల్లు మూతబడింది. ఇంకో రెండేళ్ళకు బావ పోయినాడు.

అక్క ఆ మాట గురించి నన్ను ఎప్పుడూ అడగలేదు.

ఆ దినం నేను కంచె దగ్గర నిలబడి ఆకు తెంపుతా ఉంటే అక్క లోపలినుంచి వచ్చింది. “ఎవురికిరా?” అంది. చిన్నమ్మాయికి అన్నాను. “దానికిప్పుడు ఎన్నో నెల?” మూడో నెల అన్నాను. అక్క నా చేతిలో సంచి లాక్కుని ఆకంతా నేలమీద కుమ్మరించింది.

“కడుపుతో ఉన్నదానికి ఇది పోస్తారా ఎవరన్నా? ఇది కడుపును దించేస్తుందిరా. ముందు దాన్ని డాక్టరుకు చూపించు. ఈసారన్నా చూపించు.”

ఆ చివరి మాట వినినాక నాకు నోట మాట రాలేదు. అక్క ఇంకేమీ అనకుండా లోపలికి పోయి ఇడ్లీ పాత్ర పొయ్యిమీద పెట్టింది. అడ్డసరం ఆకు పచ్చిది పిండితే రసం రాదు. ఇడ్లీ మాదిరి ఆవిరి పట్టి, దంచి, గుడ్డలో వేసి పిండాల. చెంచా రసం, చెంచా తేనె. పక్కింటి పెద్దాయనకు రొంప అంట, ఆయన కోసం. చేసేటప్పుడు ఆయనకు రెండు మాటలు చెప్పింది. మూడు దినాలకు తగ్గకపోతే ఆస్పత్రి, గళ్ళలో రక్తం కనబడితే ఆ పూటే ఆస్పత్రి.

సోమవారం అమ్మాయిని సెలవు పెట్టించి ఈఎస్ఐ డిస్పెన్సరీకి తీసుకుపోయినాను. “ఒక దినం జీతం పోతుంది నాయినా” అంది. పోనీ అన్నాను. డాక్టరమ్మ రొమ్ము చూసి, కడుపుతో ఉన్నవాళ్ళకు సరిపడే మందు రాసింది. పనిచేసేచోట గుడ్డ దుమ్ము ఉంటుందా, సెలవు తరవాతి రోజు ఎట్లా ఉంటుంది అని అడిగింది. అమ్మాయి, “అన్ని దినాలూ ఒకటే మాదిరి” అంది. నాకు అప్పుడు ఊపిరి వచ్చింది. అడ్డసరం సంగతి ఉండబట్టలేక చెప్పినాను. మా అక్క అన్నది నిజమేనంట. ఆ ఆకులో వాసిసిన్ అని సారం ఉంటుందంట, అది గర్భసంచిని ముడుచుకునేటట్టు చేస్తుంది. ఆ సారాన్ని చూసే కఫం కరిగించే బ్రోమ్‌హెక్సిన్ మందు తయారుచేసినారని కూడా చెప్పింది. మనం దగ్గు టానిక్కుల్లో తాగేది దాని చుట్టరికమే అన్నమాట.

కాడుగోడి నుంచి వచ్చేటప్పుడు అక్క ఆకు ఇవ్వలేదు గాని, జానెడు కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. పాత పెయింటు డబ్బాలో నాటి గడప పక్కన పెట్టినాను. నెలకు రెండు జతల ఆకులు వేసింది. ఎదురింటి మేక ఒకటి ఉంది, మా గల్లీలో అది తినని వస్తువు లేదు, కిందటి వారం సినిమా పోస్టరు కూడా తినేసింది. నిన్న వచ్చి డబ్బాలో మూతి పెట్టి వాసన చూసి వెళ్ళిపోయింది.