నా అరవై ముక్కలు

పిల్లలూ, మామూలు పేకలో ముక్కలు అందరికీ ఒకటే. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితవేత్త కల్పించిన "మ్యాజిక్: ది గాదరింగ్" ఆటలో మటుకు ఎవరి పేక వారే కూర్చుకోవాలి. కనీసం 60 ముక్కలుండాలి, ఎక్కువైనా ఫరవాలేదు. అయినా పోటీకి వెళ్ళేటప్పుడు నేను 61వ ముక్క చేర్చను. ఎందుకంటారా? పేక పెరిగినకొద్దీ కావలసిన ముక్క దూరమవుతుంది. మొదట చేతికొచ్చేవి ఏడే. ఆ ముక్క 60లో ఒకటే ఉంటే, ఏడింటిలో పడేది నూరు ఆటల్లో సుమారు 12 సార్లు. నాలుగుంటే 40 సార్లు! నాలుగుకు మించి పెట్టనివ్వరు, మామూలు భూములను తప్ప. ఆటకు శక్తినిచ్చేవి ఆ భూములే. వంతుకు ఒకటే పరచాలి.

షివన్ డ్రాగన్ బొమ్మ చూస్తే మీరూ వదలరు. కాని అది దిగాలంటే ఆరు భూముల శక్తి కావాలి. అందాకా ఎదుటివాడు ఊరుకుంటాడా? దాన్ని తీసి పెట్టెలో దాచాను. తీరిక వేళ చూసుకుంటూంటాను.