ఏ షెడ్యూల్ తమ్ముడూ?

ఐటీఐ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ పోస్టు. కొంచెం పెద్దదే, చివరిదాకా చదవండి.

నాది పాడేరు ఏజెన్సీలో చిన్న ఊరు. ఫిట్టర్ పాసయ్యాక విశాఖపట్నంలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. టేబుల్ మీద కార్బన్ స్టీల్ పైపు ముక్క పెట్టి "షెడ్యూల్ అంటే ఏంటి?" అని అడిగారు. నాకు తెలిసిన షెడ్యూల్ ఒక్కటే. "ఐదో షెడ్యూల్ సార్, మా ఏరియా అందులోనే ఉంది" అన్నాను. అందరూ నవ్వారు. "కోటాలో పాసై ఉంటాడు" అన్నాడు ఒకాయన. ఉద్యోగం రాలేదు. బస్సు ఘాటీ ఎక్కేదాకా తల ఎత్తలేదు.

తర్వాత ఒక కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌గా చేరి నేర్చుకున్నాను. షెడ్యూల్ అంటే పైపు గోడ మందం చెప్పే నంబరు. నాలుగంగుళాల పైపు బయటి కొలత ఎప్పుడూ 114.3 మిల్లీమీటర్లే. షెడ్యూల్ 40 అయితే గోడ మందం 6.02, షెడ్యూల్ 80 అయితే 8.56. బయట మారదు, లోపలి దారే ఇరుకవుతుంది. ప్రెషర్ ఎక్కువైతే మందం పెంచాలి. ఈ పైపుల్లో కార్బన్ మామూలుగా 0.3 శాతం లోపే ఉంటుంది, అందుకే వెల్డింగ్‌కి బాగా లొంగుతాయి. బాయిలర్ ఆవిరికి, రిఫైనరీ చమురుకి, ఫైర్ లైన్లకి ఇవే వేస్తారు. ఖరీదు తక్కువ, బలం ఎక్కువ. శత్రువల్లా తుప్పే.

సైట్‌లో ఒక సీనియర్ చెప్పాడు: బైలాడిలా కొండల ఇనుప ఖనిజం పొడై, నీళ్లలో కలిసి, 267 కిలోమీటర్లు ఉక్కు పైపులోనే విశాఖకి వస్తుందని. ఆ కొండలు ఆదివాసీలవే కదా! ఇనుము మన కొండల్ది, పైపు గురించి మాత్రం మనకి తెలీదు. ఆ మాట ఇంటర్వ్యూలో నవ్విన నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

పోయిన వేసవిలో ఊట నుంచి ఊళ్లోకొచ్చే జీఐ పైపు పగిలింది. అదీ జింకు పూత వేసిన కార్బన్ స్టీలే. మూడ్రోజులు అమ్మవాళ్లు గెడ్డకి నడిచారు. నాయన "వెల్డింగ్ పెట్టెయ్‌రా" అన్నాడు. జింకు కాలిన పొగ పీలిస్తే జ్వరమొస్తుందని చెప్పి, పగిలిన చోట కోసి, థ్రెడ్లు తీసి, కొత్త ముక్క పెట్టి యూనియన్‌తో బిగించాను. సాయంత్రానికి నీళ్లొచ్చాయి. నాయన ఏమీ అనలేదు, ముందు బిందె నా చేతికే ఇచ్చాడు.

పైపు టేబుల్ చదవకుండా వదలొద్దు. ఎవరైనా అడిగితే 40, 80 చెప్పండి. ఐదో షెడ్యూల్ కూడా చెప్పండి. డౌట్లుంటే కింద రాయండి, డ్యూటీ దిగాక జవాబిస్తాను.