టర్కీ ఎముకలు పారేయకండి

నిన్న థ్యాంక్స్‌గివింగ్. పొద్దున ఫ్రిజ్ తీస్తే మిగిలిన టర్కీ, దాని ఎముకల గూడు. పారేయబుద్ధి కాలేదు. ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, సన్నటి సెగ మీద 3 గంటలు మరిగించాను. వడకడితే లేత బంగారు రంగు రసం!

వెన్నలో మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, ఆ రసం కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టకుండా కలిపాను. చిక్కబడ్డాక మీగడ, చివర్లో టర్కీ ముక్కలు. అవి ముందే ఉడికినవి కాబట్టి వేడెక్కితే చాలు, ఎక్కువ మరిగితే పీచులా అయిపోతాయి. పైన మిరియాల పొడి.

ఈ సూప్ మొదటి గుక్కకే, జలుబు చేస్తే అమ్మ పెట్టే మిరియాల చారు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

మిగిలిన టర్కీ ఫ్రిజ్‌లో 3, 4 రోజులే బాగుంటుంది. ఈలోపే చేసుకోండి.