పి. డి. జేమ్స్ ‘ఎ సర్టెన్ జస్టిస్’

1997లో వెలువడిన ఈ అపరాధ పరిశోధక నవల లండన్ మిడిల్ టెంపుల్ న్యాయవాదుల లోకంలో నడుస్తుంది. క్రిమినల్ కేసులలో ఆరితేరిన బారిస్టర్ వెనీషియా ఆల్డ్రిజ్ తన కార్యాలయంలోనే హత్యకు గురవుతుంది. గుండెలో ఒకే ఒక్క పోటు. తలపై నెత్తురోడుతున్న విగ్గు. ఆ నెత్తురు మాత్రం ఆమెది కాదు. సహోద్యోగి ఒకాయన తన శస్త్రచికిత్స కోసం ఫ్రిజ్‌లో దాచుకున్నది! రచయిత్రి చాలా ఏళ్లు ఆసుపత్రుల పాలనావిభాగంలో పనిచేశారన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

హంతకుడెవరన్న ప్రశ్నకన్నా నన్ను పట్టి నిలిపినది మరొకటి. దగ్గరి బంధువును చంపాడన్న అభియోగం నుంచి గ్యారీ ఆష్ అనే యువకుణ్ణి వెనీషియా విడిపిస్తుంది. కక్షిదారు నిజంగా దోషా కాదా అన్నది ఆమెకు అనవసరం. ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని నిలదీయడమే ఆమె వృత్తిధర్మం. కొద్దికాలానికే ఆ యువకుడు ఆమె కూతురికి కాబోయే భర్తగా ఎదుట నిలుస్తాడు.

సంకెళ్లతో, కాపలాతో వచ్చిన రోగులకు నేనూ వైద్యం చేశాను. ఏ నేరం చేశావని అడగలేదు, అడగకూడదు కూడా. ఆ నియమం పట్ల నాకు ఇప్పటికీ గౌరవమే. అయితే, కోలుకున్న ఆ మనిషి వెళ్లి ఎవరి తలుపు తడతాడో ఆలోచించవలసిన అవసరం నాకెన్నడూ రాలేదు. వెనీషియాకు వచ్చింది. జేమ్స్ ఆమె భయాన్ని పరిహసించరు, ఆమె వృత్తిధర్మాన్నీ తప్పుపట్టరు. డాల్గ్లీష్ దర్యాప్తు ముగిసినా, నాలో ముగియనిది ఆ రెంటి మధ్య వ్యాజ్యమే.