పొద్దుగుంకేలోగా

పదవీ విరమణ చేసినవారికి ప్రతిదినమూ ఆదివారమే అంటారు మిత్రులు. మేమిద్దరం మాత్రం ఆదివారాన్ని విడిగానే ఉంచుకున్నాము. తెనాలిలో బయలుదేరి, పొద్దుగుంకేలోగా తిరిగి ఇల్లు చేరగల ఊళ్లే మా యాత్రాస్థలాలు.

రేపల్లె రైలెక్కితే భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించగా శాసనాక్షరాలు గల ధాతుకరండాలు బయల్పడిన స్తూపమది. పిల్లలచేత జీవితమంతా అక్షరాలు దిద్దించిన నాకు ఆ ఇటుకల దిబ్బ సరస్వతీ ఆలయమే.

ఉండవల్లి మా ఆవిడ కోరిక. కొండను నాలుగంతస్తులుగా తొలిచిన ఆ గుహాలయంలో మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కి, శయనించిన అనంతపద్మనాభుని ఎదుట చతికిలబడి, మోకాళ్లు ఒత్తుకుంటూ, "స్వామి ఎంత హాయిగా పడుకున్నాడండీ!" అన్నది.

ఇకపై మెట్లెక్కరాదని మొన్న వైద్యులు కచ్చితంగా చెప్పారు. ఇల్లు చేరేదాకా నాకు మాట పెగలలేదు. ఆమె మాత్రం మందుల సంచి గూట్లో పెడుతూ, "వచ్చే ఆదివారం సూర్యలంక పోదామండీ. సముద్రానికి మెట్లుండవుగా!" అన్నది.